చాప కింద కూర్చోనివాడు

సవాయి దీవి,
1986 జూన్ 9

వియ్యంకులు పాస్టరు ఇయాకోపో గారికి,

పెళ్ళినాడు మీరు నాకొక మాట ఇచ్చారు. తొమ్మిదేళ్ళయింది. విందుకి పందులు కాల్చిన రాళ్ళు అప్పటికింకా పొగలు కక్కుతున్నాయి. మీరు వంటపాక వెనక్కి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి ఇలా అన్నారు: "బావగారూ, ఈ పిల్లలకి సొంత గూడు ఏర్పడేదాకా మీ చర్చికి గానీ మా చర్చికి గానీ వాళ్ళ దగ్గర పైసా అడగొద్దు. నేను అడగను. మీరూ అడగొద్దు." ఆ చేతికి పంది కొవ్వు అంటుకుని ఉంది. నా తెల్లచొక్కా మీద మరక పడింది, పోలేదు. ఆ చొక్కా పారేశాను గానీ మాట పారేసుకోలేదు.

నిన్న ఆదివారం భోజనాల దగ్గర మా చెల్లెలి కూతురు సిడ్నీ కబుర్లు చెప్పింది. అప్పులిచ్చే కంపెనీవాళ్ళు మీ అబ్బాయి ఎసెరా కారుని తెల్లవారకముందే గొలుసు కట్టి లాక్కుపోయారట. వాడు ఫ్యాక్టరీకి నడిచి పోతున్నాడు. మా అమ్మాయి ఫిలేము పగలు ఆసుపత్రిలో పక్కలు మార్చి, సాయంత్రం ఎవరివో ఆఫీసుల్లో నేల తుడుస్తోంది. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదు. "తిండి పొయ్యి మీద ఉందని మీ నాన్నకి చెప్పు" అని ఇది పిల్లలతో అంటే, "నాకు ఆకలి లేదని మీ అమ్మకి చెప్పు" అని వాడు అదే గదిలో కూర్చుని అంటాడట. ఈ సంసారం ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో మీరే చెప్పాలి, ఎందుకంటే ఆ అప్పు మీ చర్చి పక్కన లేస్తున్న కొత్త హాలు కోసం చేసినదని మా చెల్లెలి కూతురే చెప్పింది.

మీరు అడగనన్నారు. అడిగారు. నేను బడిపంతులుగా నలభై ఏళ్ళు అబద్ధాలు విన్నాను. పిల్లలు చెప్పే అబద్ధానికి కనీసం కాళ్ళు వణుకుతాయి.

మా తోటలో కోకో కాయలకి ఈ ఏడు నల్లకుళ్ళు తగిలింది. పెళ్ళికి వచ్చినప్పుడు మీరు చదివి ఇస్తానని పట్టుకెళ్ళిన నా రోము రాజుల చరిత్ర, ఎర్ర అట్టది, ఇంకా రాలేదు. అది కూడా అప్పే.

సొలొమోనా


సిడ్నీ,
1986 జూన్ 30

ప్రియమైన బావగారికి ప్రభువు నామంలో వందనాలు. మీరు, చెల్లెమ్మ పువా క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం చదివాక మీ ఆరోగ్యం గురించి నాకు దిగులు లేదు. అంత కోపం పట్టగల గుండె ఇంకా చాలాకాలం కొట్టుకుంటుంది.

నేను మాట ఇచ్చాను. తప్పలేదు. అడగనన్నాను, అడగలేదు. నా భార్య రూతాని అడగండి, సంఘంలో ఎవరినైనా అడగండి. మా చర్చిలో ఆదివారం ఆదివారం హాలు కానుకలు చదువుతాం, కుటుంబం పేరు, పక్కన మొత్తం. మీ ఊళ్ళో చదవరా? మన తాతల కాలం నుంచీ చదువుతూనే ఉన్నారు. టాక్సీ తోలే మనిషి పేరు పక్కన అంత పెద్ద మొత్తం చదివాక పాస్టరు కొడుకు పేరు పక్కన చిల్లర చదివితే ఎసెరాకి ఎలా ఉంటుంది? వాడంతట వాడే లేచి ఇంత ఇస్తానన్నాడు. నేను పల్పిటు మీద నిలబడి "కూర్చోరా, నీ దగ్గర లేవు" అనాలా?

ఇక నా వాకిట్లో దుమ్ము చూసే ముందు మీ వాకిలి చూసుకోండి. మొన్న మే నెలలో, ఏటేటా ఇచ్చే పెద్ద కానుకలు చదివినప్పుడు మా పెదనాన్న కొడుకు మీ ఊళ్ళోనే ఉన్నాడు. సొలొమోనా అన్న పేరు పక్కన చదివిన మొత్తం మీ ఊరి పెద్ద ఇచ్చినదానికంటే ఎక్కువట. జనం వెనక్కి తిరిగి చూశారట. చర్చికి పైసా ఇవ్వనని పదేళ్ళుగా ఊరంతా డప్పు కొట్టుకునే మనిషికి, నల్లకుళ్ళు పట్టిన కోకో తోటలో అంత డబ్బు ఎక్కడ కాసింది? నేను ఊరికే అడుగుతున్నాను. మీరు చదువుకున్నవాళ్ళు.

పుస్తకం నా దగ్గర లేదు.

మీ క్షేమం కోరే
ఇయాకోపో


సవాయి దీవి,
1986 జూలై 28

పాస్టరుగారికి,

నేను చర్చికి ఇవ్వడం మానేసిన సంగతి మీకు తెలుసు, ఎందుకో కూడా తెలుసు. అప్పటి మా ఊరి పాస్టరు బడి పైకప్పు కారుతుంటే తన ఇంటికి గాజు కిటికీలు పెట్టించుకున్నాడు. ఆయన చచ్చిపోయాడు, కిటికీలు ఉన్నాయి. ఆయన్ని క్షమించలేదు. కిటికీల్ని కూడా.

అప్పటి నుంచీ నా పేరు చదివి, "ఏమీ లేదు" అని చదివేవారు. నేను తలెత్తుకుని కూర్చునేవాణ్ణి. మూడేళ్ళుగా ఏదో మొత్తం చదువుతున్నారు. నా చెవులు మునుపటిలా లేవు, ఎంతో సరిగ్గా పట్టించుకోలేదు. మా ఆవిడ పువా చాపలు అల్లి అమ్ముతుంది, ఆ డబ్బు కవర్లో పెట్టి ఇస్తోందనుకున్నాను. ఆడమనిషి సొంత కష్టం, నాకెందుకని ఊరుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక అడిగాను.

"పువా, ఊరి పెద్ద కంటే ఎక్కువ ఇచ్చేన్ని చాపలు నువ్వెప్పుడు అల్లావు?"

చాపకి ఆకు చీలుస్తున్న చెయ్యి ఆగలేదు. "దేవుడికి ఇచ్చినదాన్ని మళ్ళీ అడక్కూడదు మాస్టారూ" అంది. కోపమొస్తే నన్ను మాస్టారూ అంటుంది.

అప్పుడు అర్థమైంది. మీరే పంపిస్తున్నారు. మా పిల్ల జీతం అక్కడ లాగి, అందులో కాస్త నా పేరున ఇక్కడికి తోసి, నన్ను కూడా మీలాంటివాణ్ణి చేద్దామని. రేపు నేను ఏమన్నా అంటే "నువ్వూ ఇచ్చావుగా" అనడానికి. రోములో పన్ను వసూలు చేసే హక్కుని వేలం వేసేవారు, పాడుకున్నవాడు జనం చర్మం వొలిచి దానికి రాజభక్తి అని పేరు పెట్టేవాడు. మీరు ఆ పుస్తకం ఎందుకు తిరిగివ్వడం లేదో ఇప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం కార్యదర్శి నా పేరు చదివాడు. లేచి నిలబడ్డాను.

"ఆ పేరు నాది. ఆ డబ్బు నాది కాదు. సున్నా అని చదువు."

"మాస్టారూ, కూర్చోండి. రాసిందే చదువుతాను నేను."

"నీకు చదవడం నేర్పిందెవరు?"

"మీరే మాస్టారూ."

"సున్నా ఎలా పలకాలో కూడా నేనే నేర్పాను. పలుకు."

పలికాడు పాపం, చిన్నప్పటిలాగే నత్తితో. వెనక వరసలో కుర్రాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి పువా లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నా ముందు తిండి పెట్టి, వీపు నా వైపు తిప్పి కూర్చుంటోంది. దీనికి కూడా బాధ్యులు మీరే.

సొలొమోనా


సిడ్నీ,
1986 ఆగస్టు 25

సొలొమోనా,

బాగా చేశావు. నీ సున్నా సముద్రం దాటి వచ్చింది.

ఎవరో ఫోనులో ఫిలేముకి చెప్పారు. ఆమె వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చిందట. "మా నాన్న పేరు పక్కన ఏమీ లేదని చదవకూడదని అప్పు చేసి పంపించాను, ఆయన నిలబడి సున్నా చదివించుకున్నాడు!" అని. ఎసెరా గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆమెకీ అప్పుందన్న సంగతి వాడికి కొత్త.

అర్థమైందా? పంపించింది నేను కాదు, నీ కూతురు. మొగుడికి తెలియకుండా అప్పు చేసింది. మా వాడు హాలు కోసం తీసుకున్న అప్పు కూడా ఆమెకి చెప్పలేదు, అది వేరే సంగతి. ఇద్దరూ ఒకే కంపెనీ దగ్గర, వేరు వేరు వీధుల్లో ఉన్న ఆఫీసుల్లో తీసుకున్నారు. కారు పోయింది వాడి అప్పుకి. ఆమె అప్పుకి ఇంట్లో మంచాలు పోతాయి.

ఆ పూట జరిగిన గొడవ రూతా చెవులారా విన్నది. "మీ నాన్న పేరుకి నా చెమటతో పాలిష్ పెడుతున్నావా?" అని వీడు. "మీ నాన్న హాలుకి నా వీపు మీద రేకులు వేయలేదా నువ్వు?" అని ఆమె. "నాకెందుకు చెప్పలేదు?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారట. పిల్లలు నవ్వారట, తర్వాత ఏడ్చారట. మర్నాడు ఆమె పిల్లల్ని తీసుకుని తనతో ఆఫీసులు తుడిచే ఒకామె ఇంటికి వెళ్ళిపోయింది.

ఎవరు అడిగారు నీ కూతుర్ని? ఎవరూ అడగలేదు. పొగరు నీ దగ్గర నేర్చుకుంది, దాని బిల్లు మాత్రం మా వాడు కట్టాలి. నా మాట విను. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకుందాం. ఎసెరా అప్పు నేను ఎలాగో సర్దుకుంటాను. ఫిలేముని నువ్వు పిలిపించుకో. సంసారం అన్నాక ఒకళ్ళ మీద ఒకళ్ళకి నమ్మకం ఉండాలి. అది లేనప్పుడు వేరుగా ఉండి ప్రార్థన చేసుకోవడమే మంచిది.

ఇయాకోపో


సవాయి దీవి,
1986 సెప్టెంబరు 15

ఇయాకోపో,

వాళ్ళ పెళ్ళి చేసింది నువ్వు. "మరణం తప్ప మరేదీ విడదీయకూడదు" అని నీ నోటితో చదివావు. ఇప్పుడు హాలు రేకుల కోసం నువ్వే విడదీస్తానంటున్నావు. మొగుడికి తెలియకుండా ఇచ్చింది నా కూతురి తప్పే. నేను దాన్ని వెనకేసుకు రాను. పెళ్ళానికి తెలియకుండా ఇవ్వడం నీ కొడుకు తప్పు, దాన్ని నువ్వు "వేరే సంగతి" అన్నావు. ఆ రెండు మాటల్లో నీ బతుకంతా ఉంది.

ఫిలేము ఇక్కడికి రాదు. విమానం టికెట్టు మూడో అప్పవుతుంది.

నీకు చేతనైన పని ఒకటుంది. ఒక్క ఏడాది మీ చర్చిలో పేర్లు చదవడం మానేయి. కానుక పెట్టెలో వేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. పేరు చదివితే అది అడగడమే. నువ్వు నోరు తెరిచి అడగలేదు, నోరు మూసుకుని అందరి ముందూ అడిగావు. ఈ తేడా నీకు తెలీదంటే నమ్మను, నువ్వు మూర్ఖుడివి కాదు. అయితే బాగుండేది.

ఈ ఒక్క పని చేస్తే పుస్తకం సంగతి వదిలేస్తాను.

సొలొమోనా


సిడ్నీ,
1986 నవంబరు 3

సొలొమోనా,

నీ మనసు చల్లబడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నా పరువు పోయింది. కూర్చుని చదువుకో.

నిన్న ఆదివారం తెల్లవారుతుండగా రూతా నన్ను లేపింది. కిటికీలోంచి చూస్తే మా ఇంటి ముందు గడ్డిలో ఎవరో చాప కప్పుకుని కూర్చున్నారు. మన సన్నచాప, పెళ్ళిళ్ళకీ చావులకీ తీసేది, ఎర్ర ఈకల అంచుది. దాని కింద రెండు తలల ఆకారం. మన ఊళ్ళో మనిషిని చంపినవాడు చేసే పని కదా అది! చచ్చినవాడి ఇంటి ముందు చాప కింద కూర్చుంటాడు, ఇంటివాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే కత్తులు తెస్తారు. సిడ్నీలో ఇలాంటిది నేను చూడలేదు. ఎదురింటి ముసలావిడ పడుకునే గౌనుతోనే వచ్చి, "ఎవరైనా పడిపోయారా? అంబులెన్సు పిలవనా?" అని కంచె మీంచి అరుస్తోంది. ఆవిడ కుక్క చాప చుట్టూ తిరుగుతోంది.

"ఎసెరా, ఫిలేము" అంది రూతా. "చాప గుర్తుపట్టలేదా? వాళ్ళ పెళ్ళిచాప."

"ఎవరిని చంపారు?" అన్నాను.

"ఎవర్నీ చంపలేదు. వాళ్ళు చావకుండా ఉండడానికి వచ్చారు. వెళ్ళి చాప ఎత్తండి."

నేను గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను. దేనికి క్షమించమంటున్నారో తెలియకుండా ఎలా ఎత్తుతాను? అప్పుడే గడ్డికి నీళ్ళు చల్లే గొట్టాలు తిరగడం మొదలుపెట్టాయి, ఆ టైముకి వాటంతటవే తిరుగుతాయి. చాప కింద నుంచి ఎవరూ కదల్లేదు. రూతా నన్నొక చూపు చూసి, చెప్పుల్లేకుండా తడిలోకి వెళ్ళి తనే ఎత్తేసింది. సగం గడ్డంతో నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. చేతులు పట్టుకుని ఉన్నారు.

"నాన్నా, మేం తప్పు చేసి రాలేదు. చేయబోతున్నాం. ముందే క్షమించమని వచ్చాం" అన్నాడు ఎసెరా. "ఇక మీ హాలుకి ఇవ్వం. అప్పు తీరేదాకా ఎక్కడా ఇవ్వం. మా పేరు చదవండి, పక్కన ఏమీ లేదని చదవండి."

"ఇది ఎవరి తెలివి? ఆమెదేనా?" అన్నాను.

"ఇద్దరిదీ మావయ్యా" అంది ఫిలేము. "ఇంట్లో ఒకరు కాదంటే ఇక కాదు. ఇద్దరూ అవునంటేనే పర్సు తెరుచుకుంటుంది. మొదటి వారం సబ్బు కొనడానికి కూడా దెబ్బలాడుకున్నాం."

"చవకది కొందామంది. ఒళ్ళంతా మంట" అన్నాడు వీడు.

"రెండో వారం నువ్వే అదే కొన్నావుగా!"

చూడు, నా గడ్డిలో నిలబడి సబ్బు గురించి నవ్వుకుంటున్నారు! వాళ్ళు ఎలా కలిశారో రూతా తర్వాత చెప్పింది. వాడు కారు లేక నడిచి ఆమె తుడిచే ఆఫీసుకి వెళ్ళి, మాటామంతీ లేకుండా రెండో బకెట్ తీసుకున్నాడట. ఆమె, "మూలలు వదిలేస్తున్నావు" అందట. నెలల తర్వాత వాడితో నేరుగా అన్న మొదటి మాట. రోజూ వెళ్ళి మూలలు తుడిచాడట. మంచాలు, టీవీ వాళ్ళే అమ్మేసి, రెండు అప్పులూ ఒకటి చేయించుకున్నారు. నేల మీద పడుకుంటున్నారు.

అసలు దెబ్బ తర్వాత పడింది. ఆరాధనలో మా కార్యదర్శి చదివాడు: "ఎసెరా, ఫిలేము. ఏమీ లేదు." ఆ తర్వాత టాక్సీవాడు లేచి, "నాదీ ఏమీ లేదని చదవండి, నెలనెలా నేనూ అప్పు చేసే ఇస్తున్నాను" అన్నాడు. వాడి పెళ్ళాం వాడి చొక్కా లాగింది, కూర్చోబెట్టడానికనుకున్నాను. తనూ లేవడానికి. ఆ తర్వాత వరసగా ఏమీ లేదు, ఏమీ లేదు. హాలుకి గోడలున్నాయి, పైకప్పు లేదు. ఈ జబ్బు నీ దీవిలో పుట్టి వచ్చింది.

వాళ్ళు నీ వాకిట్లో కూడా కూర్చోవాలనుకున్నారు. టికెట్టుకి ఫిలేము అవునంది, ఎసెరా కాదన్నాడు, కాబట్టి కాదు. అందుకని మీ దీవికి తిరిగి వస్తున్న ఒక కుటుంబం సామానుతో ఆ చాపే పంపిస్తున్నారు, తమ బదులుగా. మీ అమ్మాయి ఇలా చెప్పమంది: "ఇకనుంచి నాన్న పేరున పంపను. ఆ సున్నా ఆయనది, ఆయన్నే ఉంచుకోమనండి."

చాపలో నీ పుస్తకం చుట్టి పెట్టింది రూతా. నా మంచం కింద దొరికిందట.

ఇయాకోపో


సవాయి దీవి,
1986 డిసెంబరు 22

ఇయాకోపో,

చాప వచ్చింది. పువా అల్లిన చాప, ఫిలేము పెళ్ళికి రెండు వర్షాకాలాలు కూర్చుని అల్లింది. ఇప్పుడు దాని మీద సిడ్నీ గడ్డి మరక ఉంది. దాన్ని వాకిట్లో రాళ్ళ మీద పెట్టించాను. కింద మనిషి లేని చాపని ఎలా ఎత్తాలో నాకు తెలీదు. వరండాలో కూర్చుని చూస్తూ ఉన్నాను. కోళ్ళు వచ్చి చూసి వెళ్ళాయి.

ఇంతలో పువా ఇంట్లోంచి వచ్చింది. నెలల తర్వాత వీపు కాకుండా మొహం చూశాను. చాప విప్పింది, ఎండలో రాళ్ళ మీద కూర్చుంది, నెత్తి మీదుగా కప్పేసుకుంది.

"ఏమిటది? లే, ఎవరైనా చూస్తారు" అన్నాను.

"చూడనివ్వండి మాస్టారూ." గొంతు చాప కింద నుంచి మూసుకుపోయి వచ్చింది. "ఫిలేముకి రాసింది నేను. మీ నాన్న పేరు ఖాళీగా చదువుతున్నారు, ఏమైనా పంపించు అని. ప్రతిసారీ నేనే రాశాను."

మళ్ళీ తనే అంది:

"సున్నా అనిపించుకోవడం మీకు పౌరుషం. తలెత్తుకుని కూర్చుంటారు. ఆడవాళ్ళ వైపు నేను కూర్చుంటాను, నా మెడ ఎటు పెట్టుకోవాలో ఒక్కసారైనా అడిగారా? కావాలంటే పదేళ్ళు ఇవ్వొద్దని నాతో చెప్పి ఉంటే, నేనూ మీ పక్కన తలెత్తేదాన్ని. చెప్పలేదు. మీరు నిర్ణయించుకున్నారు, ఊరికి చెప్పారు, నాకు చర్చిలో తెలిసింది."

ఎండ ఎక్కువైంది. దారిన పోయే మా కార్యదర్శి ఆగాడు, నత్తి కూడా రానంతగా నోరు తెరిచి నిలబడ్డాడు. వాణ్ణి పొమ్మన్నాను. దిగి వెళ్ళి చాప ఎత్తాను. ముసలిదాని జుట్టంతా చెమట.

ఆ సాయంత్రం కోకో తాగుతూ ఇద్దరం ఒక మాట అనుకున్నాం. వచ్చే మే నెలలో పువా తన చాపల డబ్బు తన పేరున ఇస్తుంది, తన పేరే చదువుతారు. ఎంతన్నది నాతో చెప్పి ఇస్తుంది. నేను మొదట చెప్పినదానికి ఆమె కాదంది, ఆమె చెప్పినదానికి నేను కాదన్నాను. ఇంకా తేలలేదు. నా పేరు పక్కన సున్నా చదువుతారు, అది విని తను లేచి వెళ్ళనంది. కప్పులు తీసుకెళుతూ, "మరి మీరెప్పుడు కూర్చుంటారు మాస్టారూ, చాప కింద?" అంది. కోకో చల్లారిపోయిందన్నాను.

పుస్తకం అందింది. ఎర్ర అట్ట తెల్లబడింది, పన్నుల వేలం అధ్యాయంలో పేజీలు ఎలుకలు కొట్టేశాయి. నీ మంచం కింద ఎలుకలు కూడా పాస్టరు కుటుంబమే.

ఇక మన మధ్య సంగతి. ఎసెరా చాప కింద కూర్చున్నాడు, వాడి మీద నాకు కోపం లేదు. ఫిలేము కూర్చుంది. పువా మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుంది. వాళ్ళ ముగ్గురికీ చాప ఎత్తడం అయిపోయింది. వంటపాక వెనక, కొవ్వు చేత్తో నా భుజం పట్టుకుని మాట ఇచ్చిన మనిషి మాత్రం ఏ వాకిలి ముందుకీ రాలేదు. సొంత పిల్లలు తడిసి కూర్చుంటే అద్దం ముందు గడ్డం గీసుకున్నాడు. చాప ఉతికి, ఎండబెట్టి, మడత పెట్టి ఉంచాను. వచ్చి కూర్చునేదాకా నేను తప్పు పట్టేది ఒక్కణ్ణే. ఆ ఒక్కడూ ఇయాకోపో.